మెట్టు

అక్టోబరు మూడోవారం.
పిసినారి చేతిలోంచి చిల్లరలా
పగలు రాలే రోజులు.
హాల్బేరా తన పాత డీజిల్ పికప్పుని
నా షెడ్డు ముందు ఆపి, ఇంజను కట్టకుండానే అంది:
"దీన్ని లేపాలి ఒడ్డూర్. ముప్పై ఎనిమిది అంగుళాల టైర్లెయ్యాలి."

నవ్వాను. తప్పే.
ఐస్‌లాండ్ పడమటి కొసన, ఈ ఫ్యోర్డుల్లో
బండి ఎత్తు పెంచుకునేది
నిన్నగాక మొన్న మీసాలొచ్చిన కుర్రాళ్ళు,
మంచుగడ్డల మీదికి టూరిస్టుల్ని మోసేవాళ్ళు.
మంత్రసానికెందుకు?

ఆమె ఇంజను కట్టేసింది.
"ఫిబ్రవరిలో కనుమ దగ్గర నాలుగు గంటలు కూరుకుపోయాను"
అని ఊరుకుంది.
ఆ తర్వాతి సంగతి లోయంతా ఎరుగుదుము.
కాఫీ పోశాను. జాకీ తెచ్చాను.

ముందు బోల్టులు.
సముద్రపు ఉప్పు ఇరవయ్యేళ్ళు తిని వదిలేసినవి.
నూనె పోశాను, బతిమాలాను, మంట పెట్టాను.
ఒకటి మాత్రం తిట్లకే లొంగింది.
పాత స్ప్రింగు పట్టీలు నేలమీద పడి
ఇక మోసేది లేదని తెలిసిన హమాలీలా
ఒక పక్కకు ఒరిగాయి.

ఒక్కటి పొడుగు చేస్తే ఊరుకుంటుందా బండి?
బ్రేకు గొట్టం చాలదంది.
షాక్ అబ్సార్బరు అందనంది.
స్టీరింగు రాడ్డు అలిగి వంకర తిరిగింది.
పెళ్ళికి ఒకణ్ణి పిలిస్తే
వాడి పినతల్లి పిల్లలంతా దిగబడ్డట్టు
నవంబరు మొత్తం ఇంతే.

మడ్‌గార్డులు కోయాలి.
సుద్దతో గీత గీసి
గ్రైండరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
మంచి రేకు. తుప్పు ముట్టని రేకు.
"ఇటివ్వు" అంది.
ఆరొందల బొడ్డుతాళ్ళు కోసిన చెయ్యి.
నిప్పురవ్వల మధ్య
గీత మీంచి వెంట్రుకవాసి జరగలేదు.

టైర్లు నా నడుము దాకా వచ్చాయి.
చక్రం పెరిగితే స్పీడోమీటరు అబద్ధాలకోరు,
యాభై అంటుంది, అరవై అయిదులో పోతుంటావు.
అద్దం మీద చీటీ అంటించాను.
హెడ్‌లైట్ల చూపు కిందికి దించాను.
ఎత్తుకెదిగినవాళ్ళు కళ్ళు దించుకోవాలి
(ఇది మా నాన్న సూక్తి కాదు, తనిఖీవాళ్ళ రూలు).
మెత్తటి మంచులో గాలి తీసెయ్యమన్నాను,
నాలుగు పౌండ్లకి, ఇంకా తక్కువకి.
గట్టిగా బిగిసింది మునుగుతుంది,
పొట్ట పరుచుకున్నది తేలుతుంది.
ఆమెకు నేను చెప్పాలా?

అయిపోయిందనుకున్నాను.
హాల్బేరా అవతలి తలుపు దగ్గరికెళ్ళి
పది కిలోల పిండిబస్తా పొట్టకు కట్టుకుంది,
స్వెటరు పైకి లాక్కుని, తాడుతో, నా ఎదురుగానే.
ఒక కాలు ఎత్తింది.
అందలేదు.
రెండో కాలు. తలుపు పట్టుకుని వేలాడింది.
దిగి నావైపు చూసింది.

మంచు లోతు లెక్కేశాను, వాగు లోతు లెక్కేశాను,
గేరు పళ్ళు లెక్కేశాను.
తొమ్మిదో నెల లెక్కెయ్యలేదు.

స్ప్రింగు ఉక్కు వెల్డింగుకి పగులుతుంది.
కానీ నడిమి కన్నం ముందునుంచే ఉంది.
మూలన ఒరిగిన పట్టీల్లో పెద్దదాన్ని లేపి
తలుపు కింద బోల్టుతో బిగించాను.
బస్తాతో సహా ఎక్కింది.
కిందికి చూడకుండా ఎక్కింది.

జనవరిలో కొన్ని రాత్రులు
ఫ్యోర్డుకి అవతల, కనుమ మీద
ఉండాల్సినంతకన్నా కొంచెం ఎత్తులో
రెండు దీపాలు నడిచేవి.
లేచి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి,
అవి దిగేదాకా.

మే నెలలో బండి తెచ్చింది.
మెట్టు వదులైందంది.
"ఎంతమంది ఎక్కారేంటి?"
"ఆరుగురు. దిగింది ఏడుగురు."
స్పీడోమీటరులాగే ఈమె లెక్కా తప్పింది కాబోలనుకుని
పదిహేడో నంబరు రెంచి కోసం
డబ్బాలో చెయ్యి పెట్టాను.
చెయ్యి అక్కడే ఆగింది.