బూలా కాలు బెణికిన వారం

బూలా నడవదు.
కుడి ముందరికాలు వాచి, దెబార్క్ సంత వెనక
గడ్డిమేటుకు ఒరిగి నిలబడింది నా కంచరగాడిద.
రేపు సోమవారం. ఆరు రోజులు
ఎగువ బండల్లో వాలియా మేకల్ని లెక్కపెట్టాలి.
దాని వీపు మోసేదంతా ఇక నా వీపుదే.

మేనత్త యెషిమెబెత్
ఉప్పుకొట్టు నుంచి కాటా అరువు తెచ్చింది.
"నీ ఆకలి ఎంత తూగుతుందో చూద్దాం, రా."
బంగాళాదుంపల్ని మోకాలితో పక్కకి నెట్టింది:
"నీళ్లు. కొండ మీద లేవా నీళ్లు?"
ఉల్లిపాయలూ నీళ్లే.
టమాటా డబ్బా అయితే నీళ్లు, పైగా రేకు.

మొన్నటి ఇంజెరా చించి ఇంటి కప్పు మీద ఎండేసింది.
పొద్దు వాలేసరికి అది దిర్కోష్,
పిడికిట్లో ఎండుటాకుల చప్పుడు.
యవలు వేయించింది, మాడు వాసన ఇంకా
ఆలోచనలో ఉండగానే దించేసింది.
సగం కోలో, నడుస్తూ నమలడానికి.
సగం తిరగట్లో పోసి విసిరితే బేసో పిండి.
"పొయ్యి అక్కర్లేదు. తేనె, చారెడు నీళ్లు,
ముద్ద చేసి మింగు.
కాళ్లు సాయంత్రందాకా నీ మాట వింటాయి."

ఆపైన నెయ్యి డబ్బా.
"చెంచాడు ఇది, గుప్పెడు పిండి పెట్టు."
తూకం వేస్తూ వేస్తూ ఆగి
వేళ్లు మడిచింది. బుధవారం. శుక్రవారం.
నెయ్యి ముట్టని రోజులు.
శుక్రవారమే దషెన్ ఎక్కుడు.

"అంత పైన ఎవరు చూస్తారత్తా?" అన్నాను.
బదులు చెప్పలేదు.
పెనం మీద వలిసెలు పోసింది.
అవి చిటపటా నా మాట మింగేశాయి.
దంచి, తేనె పట్టించి, మేకపెంటికలంత నల్లటి ఉండలు చుట్టింది.
బుధవారానికి రెండు.
కాస్త ఆలోచించి, శుక్రవారానికి నాలుగు.

మొత్తం మూడు కిలోల ఏడువందలు.
మూతి బిగించబోతూ
దోసెడు పచ్చి కాఫీ గింజలు పోసింది, తూచకుండానే.
"వాటిలో బలమెక్కడిది?"
"నోర్ముయ్యి."

శుక్రవారం ఎక్కుడులో వడగళ్లు.
మధ్యాహ్నం దాటాక ఒక బండ చాటున
నాలుగు ఉండలూ ఒక్కొక్కటే చప్పరించాను.
లెక్కల సిసాయ్ నా పళ్లు చూసి
బొగ్గు తిన్నావా అని నవ్వి, నవ్వు ఆపి
చేయి చాచాడు. నాలుగోది సగమే మిగిలింది, ఇచ్చాను.
ఆ రాత్రి అతని పొయ్యి మీద గింజలు వేయించాం.
పొగ వాసనకి పక్క గుడారం కావలివాళ్లు కూడా వచ్చి
మాటలు కలిపారు.
ముప్పై ఒక్క మేకలు. ఒక పిల్ల. ఆ పిల్లని
ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టామేమోనని ఇంకా అనుమానం.

శనివారం దిగాను.
సంచి తిరగేసి దులిపితే
అడుగున అరచేతిలోకి రాలింది
చిటికెడు బేసో.
బూలా నాలుకతో ఊడ్చేసి
ముక్కంతా పిండి చేసుకుని
నా మొహం మీద తుమ్మింది.
నాలుగు కాళ్లూ నేలకి ఆనించే తుమ్మింది.