స్థానిక నామం

ఖాజాగూడ రాళ్ల మధ్య ఆరో రాత్రి.
నుదుటి దీపానికి ఎర్ర కాగితం చుట్టి
బోర్లా పడుకున్నాను.
చెంపకింద రాయి పగటి వేడిని ఇంకా వదల్లేదు,
దాని పొట్టకింది చీలికలో మాత్రం
మొన్నటి వాన చెమ్మ.

అక్కడ వేలాడుతున్నాయి.
మెంతిగింజంత ఒళ్లు,
తల దువ్వితే రాలిన వెంట్రుకల్లాంటి కాళ్లు, ఎనిమిది.
సాలీళ్లు కావు.
నడుం లేదు, విషం లేదు,
గూడు కట్టుకుందామంటే ఒంట్లో దారం లేదు.
వీపుమీద గుబ్బకి అటొకటి ఇటొకటి కన్నున్నా
దారి వెతికేది రెండో జత కాళ్లతోనే,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం గూట్లో తడిమే చేతుల్లా.

నా ఊపిరి తగిలింది.
గుంపు గుంపంతా ఒక్కసారి ఊగింది.
లెక్క తప్పింది, మళ్లీ మొదట్నించి.
నలభై ఒకటి. ఒకదానికి ఆరే కాళ్లు.

ఫారంలో గడులు నింపుతాను.
తేమ, ఉష్ణోగ్రత, రాతి వాలు.
ప్రజాతి పక్కన ప్రశ్నార్థకం.
స్థానిక నామం...
మూడేళ్లుగా ఆ గడిలో అడ్డగీతే గీస్తున్నాను.

పల్లపు ఈరమ్మ వచ్చి పక్కన కూచుంది.
సైటు కాపలావాడి భార్య,
ఇరవై ఏళ్లు ఈ గుట్టలమీదే సుత్తె పట్టిన మనిషి.
"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా, తేళ్లనా?"
చూపించాను.
"ఇవా! పూనకాలు.
రాయి లేపితే కుప్పలు కుప్పలుంటుండె.
ముట్టుకుంటె ఊగుతయ్, ఎవల్నీ కరువయ్.
మా అత్తయితే అవి లేసి పొయ్యేదాంక
సుత్తె ఎత్తకపోయేది."

పూనకాలు.
పెన్సిలు మొన విరిగింది. గోటితో చెక్కి రాశాను.

నమూనాకి ఒకటి కావాలి.
సీసా మూతి ఆనించానో లేదో
ఒక కాలు నా వేళ్లకిచ్చేసి అది చీకట్లోకి నడిచిపోయింది.
అరచేతిలో కాలు ఒక్కటే
చాలాసేపు కొట్టుకుంది.
"దానికింకా తెల్వదు" అంది ఈరమ్మ.

లేస్తుంటే దీపం రాతి భుజంమీద పడింది.
తెల్ల పెయింటుతో పదిహేడు.
నా అంకె కాదు, నేను సుద్దతో రాస్తాను.
"ఎల్లుండి మందు పెడ్తరట."

అవతల గాజుమేడలో ఏ అంతస్తులోనో
లిఫ్టు ఒకటి ఖాళీగా దిగుతోంది.
సీసామీద చీటీ అంటించాను, తేదీ వేశాను.
చోటు దగ్గర ఆగిపోయాను.

ఈరమ్మ వంగి రాతిని అరచేత్తో తట్టింది,
తలుపు తట్టినట్టు, రెండుసార్లు.
ఎర్ర వెలుగులో నలభై పూనకాలూ ఊగాయి.
వెళ్లలేదు.
మళ్లీ తట్టింది.