జాబితాల లేని మాట

ఇరవై రెండేండ్లు కండక్టర్ జేసిన గొంతు నాది.
చార్మినార్ కాడ హారన్ల మీదికెల్లి
"ముందుకు జరుగుండ్రి" అంటే
ఎనక సీటు దాకా ఇనబడేది.

ఆ గొంతే కావాలన్నరు
బాలాపూర్ రోడ్డుల ఎత్తు గోడల ఎనక.
అద్దాల గదిల కూసోబెట్టి
ఒక్కో మాట నలభైసార్లు చెప్పిచ్చిండ్రు:
ఆగు. నడువు. ఎనుకకు. చూడు.
అప్పుడే నిద్ర లేసినట్టు ఓసారి,
ఉరుక్కుంట ఓసారి,
నోట్లె దుమ్ము వడ్డట్టు ఓసారి.
చేతులకు నల్ల తొడుగులు ఏసి
పిడికిలి వట్టుమన్నరు, అరచెయ్యి సాపుమన్నరు.
టికెట్లు చింపి చింపి
నా బొటనవేలు జర వంకర వోయింది.
ఆ వంకర గూడ రాసుకున్నరు.

మైదానంల దాన్ని చూసిన.
చక్రాల మీద పట్టాలు,
మెడ ఉండాల్సినకాడ తుపాకి వెట్టే ఖాళీ.
నాకు ఈపు వెట్టి నిలవడ్డది.
"రైట్, రైట్" అన్న.
అలవాటు, బండి కదలాలె గద!
అది కుడికి తిరిగింది,
ఇంకోసారి కుడికి తిరిగింది,
ఆ ఖాళీ నా మొఖం మీదికి వచ్చింది.
ఖుద్సియా మేడమ్ నవ్వీ నవ్వీ కండ్లు తుడుసుకున్నది.
"అక్కా, దానికి మీ బస్సు తెల్వది."
అయిదు వేళ్లు ముడిసి, జర ఠైరో అన్నట్టు ఊపిన.
రమ్మన్ననుకోని దగ్గరికొచ్చింది.

నాలుగో వారం, మిట్టమధ్యాహ్నం.
పట్టాల ముందల గులకరాళ్లల్ల
తీతువు గుడ్లు, రాళ్ల రంగే, నాలుగు.
తల్లిపిట్ట రెక్క ఇరిగినట్టు నటించుకుంట
ఎదురుంగ ఉరికింది.
కుక్కయితె దాని ఎంబడి వడుతుండె,
నక్కయితె వడుతుండె.
నా నోట్లెకెల్లి ఒక్కటే వచ్చింది:
"అయ్యో!"

అది ఆగలే.

తాగి నడిపెటోడు గూడ ఆగుతడు ఆ మాటకు.
నా బస్సుల జేబు కోసేటోని చెయ్యి
ఓ గడియ ఆగంగ నేను చూసిన.
"ఆగు" యాదికొచ్చేటాలకు
రెండే మిగిలినయ్.

"అయ్యో గూడ ఎక్కియ్యుండ్రి" అని అడిగిన.
మేడమ్ శానాసేపు తెర దిక్కే చూసింది.
"మాటకు ఒక్కటే అర్థం ఉండాలె అక్కా.
అయ్యోకు ఎన్ని?"
పాలు పొంగితె ఒకటి,
చిల్లర లేకపోతె ఒకటి,
పోరడు పడితె, పక్కింటోల్లు పోతె...
లెక్క తెగలే.

సంతకం తీసుకోని పైసలిచ్చిండ్రు.
గేటు బయట చీకటి వడ్డది.
వంకర బొటనవేలుతోని చెయ్యెత్తిన.
బస్సు జరంత ముందుకు వోయి ఆగింది.
కొత్త పిల్ల, కండక్టర్,
నేను కడ్డీ వట్టుకున్నదాకా చూసి
"రైట్, రైట్" అన్నది.

బస్సు సీదా వోయింది.