సూచనల గడి

గ్రామసభ పదకొండింటికని టముకు వేయించాం.
పన్నెండున్నరకి స్కూలు వరండా గోడ మీద
మ్యాపు నిలబడింది,
మూడు మూలలకి పిన్నులు,
నాలుగో మూలకి చీపురుపుల్ల.

పసుపంటే ఇళ్ళు. ఆకుపచ్చంటే సాగు.
ఊదా ఫ్యాక్టరీలు. ఎరుపు అంగళ్ళు.
నా పని చెప్పడం కాదు, రాయడం.
రిజిస్టరులో ఆఖరి గడి:
'అభ్యంతరం లేదా సూచన'.
వెడల్పు రెండు వేళ్ళు.

మొదట ఎవరూ దగ్గరికి రాలేదు.
ఆటలమ్మ పోసిన పిల్లాణ్ణి చూసినట్టు
గుమ్మం అవతలి నుంచే చూశారు.
తర్వాత బంటుబిల్లి అసిరయ్య లేచి
తన కనకాంబరం మడిని వెతికాడు.
రాత్రి రెండింటికి తలకి లైటు కట్టుకుని
పూలు కోసి ఆనందపురం చేర్చే మనిషి
పట్టపగలు తన పొలం పోల్చుకోలేకపోయాడు.
వేలు పెట్టి చూపించాను.
ఎరుపు.
"మా పువ్వు కంటే కాస్త ముదురేసినారు" అన్నాడు.
నవ్వాడో లేదో తెలియలేదు.

గౌరునాయుడు మాత్రం తనకి పసుపే కావాలన్నాడు.
ఉన్న జీడితోట తుపానుకి పోయింది,
మళ్ళీ వేస్తే కాండానికి పురుగు.
"పచ్చరంగులో ఎకరం ఎంత, పసుపులో ఎంత,
మీకు తెల్దా మేడం?
మీరు మధురవాడ ఫ్లాట్లలో ఉండి
నన్ను పచ్చగా ఉండమంతారు."
వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టి
తామొక్కరే అని తెలిసి ఆపేశారు.
అతని మాట గడిలో పట్టలేదు.
నేనుండేది మధురవాడలోనే.
మా అపార్ట్‌మెంటు చోటులో చోడిచేను ఉండేదని
వాచ్‌మన్ వచ్చిన కొత్తలోనే చెప్పాడు.
ఆ చేను తనదేనని
ఏడాది పోయాక చెప్పాడు.

అప్పుడు కోరాడ ఎర్నమ్మ.
"ఈ నీలి దారం ఏటమ్మా?"
గెడ్డ, అన్నాను.
"గెడ్డా! ఇంత సన్నగానా?
ఎండల్లో తొంగున్నప్పుడు బొమ్మ తీసినట్టున్నారు."
మ్యాపు దింపమంది. గచ్చు మీద పరిపించింది.
కొంగు ముడి విప్పితే పచ్చి జీడిపిక్కలు.
"మా అత్త కాపరానికొచ్చిన ఏడు ఇక్కడ దాకా."
ఒక పిక్క.
"మా నల్లగొడ్డు కొట్టుకుపోయిన ఏడు ఇక్కడ."
ఇంకోటి.
"హుద్‌హుద్‌కి ఇదిగో, ఇలగ."
పిక్కలు పసుపులోంచి నడిచాయి,
రాబోయే అరవై అడుగుల రోడ్డుని అడ్డంగా దాటాయి,
కమ్యూనిటీ హాలుని చుట్టుకున్నాయి,
కాగితం అంచు దాటి గచ్చు మీదికి దిగి
నా కుర్చీ కాలు దగ్గర ఆగాయి.
ఎందుకో కాళ్ళు పైకి తీసుకున్నాను.

"రాసుకో మరి."
ఏం రాయను?
సీరియల్ నంబరు నలభై ఒకటి.
పేరు రాశాను. వేలిముద్ర వేయించాను.
మిగతాది తర్వాత రాద్దామనుకున్నాను.

హాజరు నూట పన్నెండు.
పులిహోర పొట్లాలు అరవై.
సభ ఎందుకు రెండింటికే ముగిసిందో
ఇంతకంటే వివరంగా ఫైలులో ఉండదు.
పిక్కలు అమ్ముకోవాలి కదా,
ఎర్నమ్మ ఒక్కొక్కటీ ఏరుకుంది, నేనూ ఏరాను.
కానీ పచ్చి జీడి రసం
అంటుకున్న కాగితాన్ని వదలదు.
నీలిగీతకి అటూ ఇటూ
గోధుమరంగు మచ్చలు, గెడ్డ ఒళ్ళు విరుచుకున్నంత మేర.

"దీని మీద ఏం ఒలకబోశారు?" అన్నారు సార్
సిరిపురం ఆఫీసులో.
"నలభై ఒకటో సూచన సార్."
రిజిస్టరు తిప్పి చూశారు.
గడి ఖాళీ.
శుభ్రమైన కాపీ ఒకటి పెట్టమని
మ్యాపు మడిచారు, మచ్చలు లోపలికి పోయేలా.
అది బీరువాలోకి వెళ్ళిందో, బుట్టలోకో,
నేను నిలబడి చూడలేదు.

పది రోజులైంది.
రోజూ సబ్బుతో కడుగుతున్నాను.
పెన్ను పట్టే వేళ్ళ మీద చర్మం
ఇంకా పొరలుగా లేస్తోంది.
బంగాళాఖాతంలో అల్పపీడనమట.
పేపర్లో, కింద మూల, రెండు వేళ్ళ గడిలో
వాన సూచన.