బుడగల లెక్క

సిరోంచ తహసీల్ కచేరి గోడవార
నా కుర్చీ, ఒక ప్లాస్టిక్ స్టూలు, రంగు వెలిసిన గొడుగు.
పదహారేళ్ళుగా తెలుగులో విని మరాఠీలో రాస్తున్నాను.
దరఖాస్తుకు ముప్పై రూపాయలు,
ఏడుస్తూ చెప్పుకునేవాళ్ళకు ఇరవై.
ఏడుపు మరాఠీలోకి రాదు,
ఆ మేరకు నాకు సిరా మిగులుతుంది.

ఇవాళ దుర్గం బక్కక్క మూడోసారి వచ్చింది.
మనుమరాలికి నర్సింగు సీటొచ్చింది,
జాతి దాఖలా శుక్రవారంలోగా పెట్టాలి.
లోపల అడుగుతున్నారు:
యాభైకి ముందు మీ ముసలాయన ఈ గడ్డనే ఉన్నాడనడానికి
పురావా ఏది? బడి రిజిస్టరు నకలేది?

"మా తాతను బడి గడప తొక్కనియ్యలే.
తొక్కనియ్యని బళ్ళె ఆయన పేరెట్లుంటది బిడ్డా?
ఏడ పుట్టిండో ప్రాణహితకెరుక" అన్నదట.
ప్రాణహిత సహీ చెల్లదన్నారట.

నాకు అంకీసా బడి గుర్తొచ్చింది.
తొమ్మిదో తరగతి, రేకుల మీద వాన,
వానను మించి గొంతు పెంచిన ఓదెలు సారు.
అమెరికాలో ఒక పెద్ద కాగితం రాసుకున్నారు,
మనుషులంతా సమానంగా పుట్టారని,
బతుకూ స్వేచ్ఛా ఒకరిచ్చేవి కావు, పుట్టుకతో వచ్చినవని.
రాసిన చేతి కిందే ఇంకో పుస్తకం ఉండేది,
అందులో మనుషుల పేర్లు, పక్కన వాళ్ళ వెల.
తొంభై ఏళ్ళకు గొలుసులు తెగాయి.
ఆ తర్వాత ఇంకో వందేళ్ళు
కచేరీ కిటికీలు.
ఓటరుగా పేరు రాయించుకుందామని వచ్చిన నల్ల రైతును
గుమాస్తా అడిగేవాడట:
సబ్బు బిల్లలో బుడగలెన్ని?

ఊరికే నోరు జారి ఇది బక్కక్కకు చెప్పాను.

"బిల్ల చేతికిచ్చిన్రా, నీళ్ళు గూడ ఇచ్చిన్రా?"
ఏదీ ఇవ్వలేదక్కా, అడిగారంతే.
"మరి నీళ్ళు లేంది బుడగలెట్ల అస్తయి?
రుద్దే చెయ్యి లేంది ఎట్ల అస్తయి?
ఆని లెక్కనే తప్పు."
నలభై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన మనిషి,
ఆమెకు తెలియని నురగ లేదు.

"ఆ రైతేం జేసిండు?"
వెళ్ళిపోయాడు.
మళ్ళీ వచ్చాడు, పదిమందితో.
కౌలు పోయింది, కొందరి ఇళ్ళు కాలాయి, అయినా వరుసలో నిలబడ్డారు.
పిల్లలు కూడా బడి మానేసి రోడ్డెక్కారు.
వాళ్ళ మీదికి కుక్కల్ని వదిలారు,
మంటలార్పే పైపులతో నీళ్ళు కొట్టారు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
"అంటె, లెక్క అడిగిననాడు ఇయ్యని నీళ్ళు
ఎదురు నిలవడ్డనాడు ఇచ్చిన్రన్నట్టు."

సారు పాఠంలో ఈ మాట లేదు.

"ఇగ రాయి."
ఏమని?
"మా తాత పేరు ఎందుకు లేదో
ఆ బడినే పురావా అడుగుండ్రని రాయి.
దాఖలా మీరిచ్చేది. జాతి మీరంటగట్టింది.
పుట్టుడు మాత్రం మీరిచ్చింది గాదని రాయి."

రాశాను. మూడుచోట్ల మాట దొరక్క తడుముకున్నాను,
ఆ "పుట్టుడు" దగ్గర మరీ ఎక్కువసేపు.
ప్రతి అర్జీకీ నెత్తిన పెట్టే "నమ్ర వినంతి"
ఈసారి పెట్టలేదు.
మరిచానో మానుకున్నానో చెప్పలేను.

ఇరవై చాలక్కా అన్నాను.
కొంగుముడి విప్పి మూడు పదులు స్టూలు మీద పెట్టింది.
"ముప్పై తీస్కో. నేను ఏడ్వలే."

లోపల జేవణం వేళ, తలుపు దగ్గరగా వేసి ఉంది.
జవాను ఉద్యా యా, రేపు రా అంటున్నాడు.
ఆమె ఆ తలుపుకెదురుగా సాహెబుల బల్ల మీద కూర్చుంది,
సిరా ఆరేదాకా
కాగితాన్ని ఎండకు పట్టుకుని.