ఇంకా ఒడ్డునే

కొరియర్ కుర్రాడు ఫోన్ చేశాడు.
"డోర్ నంబరు చెప్పండమ్మా."
లేదు బాబూ.
"పోనీ, వీధి?"
ఫిషింగ్ హార్బరు, పదో జెట్టీ చివర,
మర పడవల వెనకాల తెల్లది, ఒంటి కొయ్యది,
పేరు గోరింక.
"అది కాదమ్మా, దగ్గర్లో గుర్తేటి?"
డాల్ఫిన్ నోసు కొండ, అన్నాను.
నవ్వాడు. దారి దొరికింది.

మురళీనగర్ ఫ్లాటు అమ్మి ఏడు నెలలు.
ముప్పై రెండు అడుగుల్లో కాపురం:
ఆయన నిలబడితే నేను కూర్చోవాలి,
నేను పోపు పెడితే ఆయన పైకెక్కి తుమ్మాలి.
అండమాన్ దాకా అనుకున్నాం, అక్కణ్ణుంచి ఇంకా కిందికి.
పటం మీద పెన్సిలు గీత ఎప్పుడో వెళ్లిపోయింది,
మేమే ఇంకా ఇక్కడ.

మొదట తుపాన్లన్నాం. అది నిజమే.
తర్వాత తెరచాప చిరిగిందన్నాం.
కురుపాం మార్కెట్ దగ్గర ఖాదర్ వలీ
దాన్ని వీధి పొడుగునా పరిచి
జాకెట్టుకి తీసినట్టు కొలతలు తీశాడు.
"చంక దగ్గర కాస్త లూజు ఉంచమంటారా అమ్మా?"
ఉంచమన్నాను.
గాలికి మాత్రం ఊపిరాడొద్దూ.

నిజం చెప్పనా,
ముప్పై ఒక్కేళ్లు రైల్వే స్టేషను మూడో కిటికీలో కూర్చుని
ఎవరెవర్నో ఎక్కడెక్కడికో పంపించి
చిల్లర లెక్కపెట్టుకుని ఇంటికొచ్చాను.
ఇప్పుడే ఊరు
కిటికీకి ఇవతలికి వచ్చింది.

పొద్దున్నే వేలం. కోనాం, చందువా,
గుట్టగా పోసిన వెండి నెత్తళ్లు.
సూరాడ నూకాలు నాకు బేరం నేర్పింది:
"సేప కళ్లు సూడు, అమ్మేదాని కళ్లు సూడకు."
రేవు బయట సులభ్‌లో
రెండు బకెట్ల మంచినీళ్ల స్నానం,
ఏ మహారాణికి ఉంది?
తడి జుట్టుతో ఇరవై ఎనిమిది నంబరు బస్సెక్కి
ఈ చివర నుంచి ఆ చివరకి, పనేం లేకుండా.
దిగేటప్పుడు కాలు పెడితే నేలే ఊగుతోంది.
బీపీ అనుకుని కండక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం బీచిలో మురీ మిక్చరు పొట్లాలతో
గట్టు మీద కూర్చుని సముద్రాన్ని చూస్తాం,
రాయగడ నుంచి చూడ్డానికొచ్చిన వాళ్లలా.
రాత్రంతా దాని మీదే పడుకుంటాం కదా,
మళ్లీ ఇదేం చూడ్డం, అంటాడాయన.
అంటాడు గానీ లేవడు.
రెండో పొట్లంలో నిమ్మకాయ ఎక్కువ పిండమంటాడు.

మార్గశిరం వచ్చింది. మొదటి లక్ష్మివారం
బురుజుపేట వరసలో నాలుగు గంటలు.
పైకప్పు వద్దన్న అమ్మకి
పసుపు నీళ్లు పోశాను.
ఏం అడగాలనుకున్నానో గుర్తు రాలేదు.
వెనకావిడ తోసింది. కదిలాను.

ఎల్లాజీ సరంగు వల బాగుచేసుకుంటూ రోజూ అడుగుతాడు:
"ఏటమ్మా, గాలి మళ్లిపోనాది, ఎప్పుడెల్తారు?"
చెన్నై నుంచి ఇంపెల్లరు రావాలి నాయనా,
ఇంజనుకి నీళ్లు తోడే చిన్న రబ్బరు పువ్వు.
మొదటిది దారిలో పోయిందట,
మళ్లీ తెప్పిస్తున్నారాయన.

అది ఇవాళ వచ్చింది.
కుర్రాడు జెట్టీ మీద నుంచి వంగి అందించాడు,
అరచేతంత పెట్టె.
ఎందుకో, వెంటనే చెప్పబుద్ధి కాలేదు.
లైఫ్ జాకెట్ల అడుగున పెడదామని అర మూత ఎత్తాను.
అక్కడ అప్పటికే ఇంకో పెట్టె ఉంది.
అదే కంపెనీ, అదే సైజు,
పన్నెండు రోజుల కిందటి తారీకు.

రెండూ పక్కపక్కన పెట్టి మూశాను.
పైన ఆయన ఈల వేస్తూ మోకు చుడుతున్నాడు,
చుట్టిందే మళ్లీ.
"ఎవరొచ్చారు?"
"ఎవరో, అడ్రసు తప్పి."
ఈల ఒక్క క్షణం ఆగింది.
"ఓహో," అన్నాడు.

ఇంకా మూడు లక్ష్మివారాలున్నాయి.
నూకాలు గట్టు మీద నుంచి కేకేస్తోంది,
ఇవాళ పండుగప్ప వచ్చిందట.