పొణికి చేప

మస్తాన్ వలీ పోయిన మూడో నెల
ఆయన మనవరాలు రిజ్వానా
ఆటోనగర్‌లో నా లేతు ముందు స్కూటీ ఆపి
రెండు డబ్బాలు బల్ల మీద పెట్టింది.
ఒకటి బిస్కెట్ల రేకుడబ్బా, మూత రాదు.
ఇంకోటి గాజులాంటిది, లోపల గదులు గదులు,
ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వచ్చింది.
"ఏది పనికొస్తుందో తేల్చు బాబాయ్" అంది,
బేరింగు తేల్చమన్నట్టు.

ముసలిదాన్ని ముందు తీశాను.
కొండపల్లిలో అంబారీ ఏనుగులు చెక్కే సుబ్బరాజు
తొండానికి పనికిరాని ముక్కలో చెక్కిన చేప.
తెల్లపొణికి కర్ర.
అరచేతిలో ఉందో లేదో చూసుకోవాలి.
పొట్టలో చిటికెడు సీసం, పైన చింతగింజల మక్కు,
గడ్డం కింద పౌడరుడబ్బా రేకు నాలుక.
కన్ను గుండుసూది తల. ఒక్కటే కన్ను.
రెండోది కృష్ణలో పడిపోయింది,
అక్కడింకా ఏదో చూస్తూనే ఉండొచ్చు.

కొత్తదానికి ఏడు కీళ్ళు.
కడుపులో ఉక్కు గోళీలు, ఊపితే గలగల.
పొలుసు పొలుసుకీ వెండి పూత.
కళ్ళు మాత్రం ఎటు తిప్పినా నన్నే చూస్తాయి
అప్పిచ్చినవాడిలా.
అతుకు ఎక్కడుందో గోటితో వెతికాను, దొరకలేదు.
ముప్పయ్యేళ్ళ లేతు మనిషిని, ఒప్పుకోవాలి,
నా చేతికి అంత సూటి రాదు.

శనివారం పొద్దువాలాక సీతానగరం వైపు దిగాం.
బ్యారేజీ గేట్లు రెండే కారుతున్నాయి,
పైన గూడ్సు బండి ఎంతకీ అయిపోవడం లేదు.
హంసలదీవి ఉప్పునీళ్ళ నుంచి ఎదురెక్కి వచ్చి
పండుగప్ప ఇక్కడే నిలబడుతుందని
మస్తాన్ మాట. చేప మాట తెలీదు.

పొణికిది విసిరితే గాలి ఎటంటే అటు పోయింది.
ఒకసారి నా చొక్కాకే తగులుకుంది.
పది విసుర్లకి నీళ్ళు తాగి బరువెక్కి
అప్పుడు నడక కుదిరింది,
తాగినవాడికి తన సందు గుర్తొచ్చినట్టు.
ఏడుకీళ్ళదానికి ఆ బాధ లేదు,
మొదటి విసురు ఎలాగో నలభయ్యోదీ అలాగే.

నిజం చెప్పాలి.
పడింది కొత్తదానికే.
మూడు కిలోల పండుగప్ప, చీకట్లో ఎర్రకన్ను,
రాళ్ళ మీద తోకతో నా మోకాలిని కొట్టింది.
పొణికిదాన్ని ఆ రాత్రి ఒక్క చేపా పలకరించలేదు.

రిజ్వానా గాలం ఊడదీస్తూ
చేప నోట్లో వేలు పెట్టి ఆగిపోయింది.
"బాబాయ్, దీనికి కోరలే లేవు.
గరుకు కాగితంలా ఉంది నోరు."
టార్చి వేసి ముసలిదాని వీపు చూపించింది.
రంగు ఊడిన చోట నాలుగు గుంటలు, లోతుగా.
"మరి ఇవి? పన్నెండు కిలోల పండుగప్ప
కొరికిందని తాత చెప్పేవాడే!"

లాంచీల రేవులో టిక్కెట్లు చింపుతూ
వచ్చినవాడికల్లా అదే చెప్పాడు వలీ.
ఒకసారి పన్నెండు, ఒకసారి పదిహేను.
నేను పక్కనే ఉండి తలూపేవాణ్ణి.

వించిపేటలో వాళ్ళింటి అరుగు.
జ్వరంతో ఏడుస్తున్న తొమ్మిది నెలల పిల్ల.
గాలాలు రెండూ పీకేసి, చొక్కాకి తుడిచి,
చేపని ఆ పిల్ల చేతిలో పెట్టాడు.
పైన రెండు, కింద రెండు.
అప్పుడే మొలిచిన పళ్ళు.

చెప్పాను.
ఆమె ఏమీ అనలేదు.
నాలుకతో ముందుపళ్ళు తడుముకుంది, అంతే.
గూడ్సు బండి ఎప్పుడు అయిపోయిందో చూడలేదు.

చేప సగం నాకిచ్చి వెళ్తూ వెళ్తూ
పాతదానికి రెండో కన్ను పెట్టమంది, సోమవారానికి.
ఇత్తడి చువ్వ తల లేతు మీద తిప్పాను,
ఆవగింజంత, నున్నగా వచ్చింది.
గుచ్చడానికే చెయ్యి రావడం లేదు.
పొణికి మరీ మెత్తన,
దేన్ని ఆనించినా గుర్తు పెట్టేసుకుంటుంది.